చికెన్ శాంపిల్‌లో సాల్మొనెల్లా దొరకట్లేదా? నెగెటివ్ అని రాసే ముందు ఇవి చూడండి

ల్యాబ్‌లో కొత్తగా చేరిన పీజీ పిల్లలు నాకు పంపే వాట్సాప్ ఫోటోల్లో సగం ఒకేలా ఉంటాయి. ఎర్రటి ఎక్స్‌ఎల్‌డి ప్లేట్ (ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాని పెంచి చూసే జెల్లీ, అది ఉంటే మధ్యలో నల్ల చుక్కతో ఎర్ర కాలనీలు వస్తాయి), దాని మీద చుక్క కూడా లేదు, కింద "అక్కా, నెగెటివ్ అని రాసేయనా?" అని ఒక లైను. పోయిన నెల ఒకమ్మాయి పది చికెన్ షాపుల శాంపిళ్లకీ ఇలాంటి ఫోటోలే పంపింది. పదికి పది నెగెటివ్! చికెన్ షాపులో కోసే చెక్క మొద్దుని ఒక్కసారి దగ్గర్నుంచి చూసినవాళ్లెవరూ ఆ లెక్క నమ్మరు.

ముందు ఒక మాట. అదే రోజు, అదే బ్యాచ్ మీడియాలో (బ్యాక్టీరియాని పెంచే ఆహారంలో) తెలిసిన సాల్మొనెల్లా స్ట్రెయిన్ ఒకటి కంట్రోల్‌గా వేసి, అది పెరిగితేనే శాంపిల్ నెగెటివ్ అనే మాటకి అర్థం. కంట్రోల్ వేయకపోతే కింద రాసింది చదివి కూడా లాభం లేదు, వెళ్లి అది వేసి రండి.

శాంపిలూ రాలేదు, కంట్రోలూ రాలేదు

తప్పు మీడియాది. ఎక్స్‌ఎల్‌డిని ఆటోక్లేవ్ (ప్రెషర్ కుక్కర్ లాంటి మెషీన్‌లో ఉడికించడం) చేయకూడదు, మరిగేదాకా కాచి వెంటనే దించేసి, 50 డిగ్రీలకి చల్లార్చి పోసేయాలి. నేను మొదటి ఏడాది న్యూట్రియెంట్ అగార్‌తో పాటు దీన్ని కూడా 121 డిగ్రీల్లో పెట్టేశాను, అడుగున మడ్డి దిగింది, అయినా పారేయడానికి మనసొప్పక పోసి వాడాను, వారం పని పోయింది. మిగతావాటిని అణచి సాల్మొనెల్లాని పెంచే సెలెక్టివ్ ద్రవం ఆర్‌వీఎస్ బ్రాత్‌కి 115 డిగ్రీలు, 15 నిమిషాలు చాలు. దాని పొడిలో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది కాబట్టి గాలిలో తేమ లాగేసుకుంటుంది. వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే బెల్లం ముద్దలా గట్టిపడుతుంది, అలా అయితే పొడిచి వాడకండి, కొత్తది తెప్పించండి. అలాంటిదే ఇంకో సెలెక్టివ్ బ్రాత్ ఎంకేటీటీఎన్‌లో అయోడిన్ వాడే ముందే కలపాలి, కలిపాక మళ్లీ వేడి చేయకూడదు, మిగిలింది రేపటికి దాచకూడదు.

కంట్రోల్ బాగా వచ్చింది, శాంపిలే రాలేదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. సాల్మొనెల్లా వెతికే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6579 పద్ధతిలో 25 గ్రాముల మాంసాన్ని 225 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో (దేన్నీ అణచని మామూలు ఆహార ద్రవం) వేసి 37 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచుతాం. ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా సెలెక్టివ్ బ్రాత్‌లోకి వెళ్లేవాళ్లున్నారు, ఒక రోజు మిగులుతుందని. ఫ్రీజర్‌లో ఉన్న మాంసం, క్లోరిన్ నీళ్లలో కడిగిన మాంసం అయితే అందులో బ్యాక్టీరియా దెబ్బతిని ఉంటుంది. జ్వరం పడి లేచినవాడి చేత బరువులు మోయించినట్టు దాన్ని సెలెక్టివ్ బ్రాత్‌లో పడేస్తే అక్కడే చస్తుంది. మీ కంట్రోల్ మాత్రం నిన్న రాత్రి పెంచిన బలమైన కల్చర్, దానికేం కాదు. అందుకే అది వస్తుంది, శాంపిల్ రాదు.

ఇంకో పొరపాటు, ఎవరూ రాయరు గానీ చాలామంది చేసేది: పెప్టోన్ వాటర్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే శాంపిల్ కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టడం. 225 మి.లీ. వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, మీ 18 గంటల్లో కొంత అక్కడే పోయింది. ముందే బయట పెట్టి గది ఉష్ణోగ్రతకి రానివ్వండి.

ఆ తర్వాత ఆ పెప్టోన్ కల్చర్‌ని 10 మి.లీ. ఆర్‌వీఎస్‌లోకి 0.1 మి.లీ., 10 మి.లీ. ఎంకేటీటీఎన్‌లోకి 1 మి.లీ. రెండిట్లోనూ 1 మి.లీ. వేసేస్తే, ఎక్కువ వేస్తే ఎక్కువ దొరుకుతుందనుకుని, ఆర్‌వీఎస్ పలచబడి అడ్డమైనవన్నీ పెరుగుతాయి. ఆర్‌వీఎస్ ఉండాల్సింది 41.5 డిగ్రీల దగ్గర. డిస్‌ప్లే మీద అంకెని నమ్మొద్దు, నీళ్ల గ్లాసులో థర్మామీటర్ పెట్టి పై అర దగ్గర ఒకసారి, కింది అర దగ్గర ఒకసారి చూడండి.

లేయర్ ఫారాల శాంపిళ్లు చేసేవాళ్లకి విడిగా ఒకటి. కోళ్లలో ఫౌల్ టైఫాయిడ్ తెచ్చే గాలినారం, కోడిపిల్లల్లో తెల్ల పారుడు తెచ్చే పుల్లోరం, ఈ రెండూ సాల్మొనెల్లాలో కదల్లేని రకాలు. ఎంఎస్‌ఆర్‌వీ ప్లేట్ (మెత్తటి జెల్లీ) పనిచేసేదే బ్యాక్టీరియా ఈదుకుంటూ పాకితే. ఇవి పాకవు కాబట్టి అది ఒక్కటే వాడితే తప్పించుకుంటాయి. ఎక్స్‌ఎల్‌డి మీద కూడా కాలనీ చిన్నగా, నల్ల మధ్య లేకుండా రావచ్చు.

ప్లేట్ నిండా నల్ల చుక్కలు, తీరా టెస్టుల్లో ఏదీ సాల్మొనెల్లా కాదు

అది చాలావరకు ప్రోటియస్ లేదా సిట్రోబాక్టర్, అలాగే నల్లగా కనిపించే వేరే బ్యాక్టీరియా. యూరియా ట్యూబు గులాబీ రంగుకి తిరిగితే ప్రోటియస్, అక్కడే వదిలేయండి. సిట్రోబాక్టర్‌ని లైసిన్ డీకార్బాక్సిలేజ్ టెస్టు పట్టిస్తుంది, దానికి నెగెటివ్, సాల్మొనెల్లాకి మామూలుగా పాజిటివ్. ఒక కాలనీ కాదని తేలితే ఆ ప్లేట్ నుంచి ఇంకో నాలుగు చూడండి, అప్పుడే చేతులు ఎత్తేయొద్దు.

టీఎస్‌ఐ స్లాంట్ (చక్కెరలు వాడుకునే తీరు రంగుతో చూపే, వాలుగా గట్టిపరిచిన ట్యూబు) పైభాగం ఎరుపు రావాల్సింది పసుపు వచ్చిందా? ఒక్కసారి మూత చూడండి. బిగించేసి ఉంటే గాలి ఆడక ఎరుపు తిరగదు, ఈ.కోలై అనుకుని పారేస్తారు. సగం మలుపు వదులు చేసి పెట్టాలి, అంతే. సీరం పరీక్షకి (యాంటీసీరం చుక్కలో బ్యాక్టీరియా గింజలు కడుతుందా అని చూసేది) కాలనీని నేరుగా ఎక్స్‌ఎల్‌డి నుంచి తీయకండి, న్యూట్రియెంట్ అగార్ మీద శుద్ధి చేసి, ముందు ఉప్పు నీటి చుక్కలో కలపండి. అక్కడే గింజలు కట్టిందంటే ఆ స్ట్రెయిన్‌కి సీరం ఫలితం చెప్పలేం.

చనిపోయిన కోడిలో సాల్మొనెల్లా దొరికింది, చంపింది అదేనా?

పేగులో దొరికితే చెప్పలేం, ఆరోగ్యంగా తిరిగే కోడి పేగులోనూ ఉంటుంది. కాలేయం, ప్లీహం, గుండె రక్తం నుంచి విడిగా కల్చర్ చేయండి, కొక్కెర తెగులు లాంటి వైరస్‌ల కోసం కూడా శాంపిల్ పంపండి. ఈ పొరపాటు సాల్మొనెల్లా పుట్టుకలోనే ఉంది లెండి. 1885లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ హాగ్ కలరాతో చచ్చిన పందుల్లో ఈ బ్యాక్టీరియాని పట్టి, అదే కారణం అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే హాగ్ కలరా వైరస్ వల్ల వస్తుంది. పేరు మాత్రం స్మిత్‌ది కాకుండా ఆయన పై అధికారి, పశువైద్యుడు డేనియల్ సాల్మన్‌ది మిగిలిపోయింది. గైడ్ పేరు ముందుండే అలవాటు కొత్తదేం కాదు.

పీసీఆర్ పాజిటివ్, కల్చర్ నెగెటివ్. లేదా తిరగేసి

పీసీఆర్ అంటే డీఎన్‌ఏ ముక్కని పెంచి వెతికే పరీక్ష. అందులో సాల్మొనెల్లా గుర్తయిన ఇన్వ్‌ఏ జీన్‌కి 284 బేస్ పెయిర్ల బ్యాండ్ వచ్చిందంటే డీఎన్‌ఏ ఉందని అర్థం, బ్యాక్టీరియా బతికుందని కాదు. తిరగేసి వస్తే, అంటే కల్చర్‌లో ఉండి పీసీఆర్‌లో లేకపోతే, చికెన్ కొవ్వూ రక్తమూ ఎంజైమ్‌ని అడ్డుకుంటున్నాయేమో చూడండి. రియల్ టైమ్ మెషీన్ అయితే టెంప్లేట్‌ని (శాంపిల్ నుంచి తీసిన డీఎన్‌ఏని) పదింతలు పలచన చేయండి. సీక్యూ (సిగ్నల్ కనిపించే సైకిల్ నంబరు) దాదాపు 3.3 సైకిళ్లు పెరగాలి. పెరగకపోగా తగ్గిందంటే ఇన్‌హిబిషన్ (ఎంజైమ్‌ని ఏదో అడ్డుకోవడం) ఖాయం.

నోరోవైరస్ చేసేవాళ్లు కల్చర్ గురించి నన్ను అడగొద్దు. 1968లో ఒహాయోలోని నార్వాక్ స్కూల్లో పిల్లలకి వాంతులు పట్టుకుంటే, 1972లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కనిపించిన వైరస్ అది. మనిషి పేగు ఎంటరాయిడ్లలో (ల్యాబ్‌లో పెంచిన బుల్లి పేగు కణజాలం) దాన్ని పెంచగలిగింది 2016లో. మామూలు ల్యాబ్‌కి పీసీఆరే గతి, కాబట్టి శాంపిల్‌లో మెంగోవైరస్ (కంట్రోల్‌గా వాడే వేరే వైరస్) కలిపి అదెంత తిరిగి వచ్చిందో లెక్కేయండి. ఒక శాతం కూడా రాకపోతే ఆ నెగెటివ్ చెల్లదు.

ఇంతకీ ఆ పది శాంపిళ్ల సంగతి. అడిగితే తేలిందేమిటంటే పెప్టోన్ మెట్టు ఎగ్గొట్టింది, ఆర్‌వీఎస్ ఇంక్యుబేటర్ పై అరలో థర్మామీటర్ 44 చూపించింది. మళ్లీ పది షాపులు తిరిగి తెచ్చి మొదట్నుంచి చేయమన్నాను, మొహం చిన్నబుచ్చుకుంది. నిన్న రాత్రి కొత్త ఫోటో పంపింది. మూడు ప్లేట్ల మీద ఎర్ర కాలనీలు, మధ్యలో నల్ల చుక్క. యూరియా నెగెటివ్. సీరం ఇంకా వేయలేదు.