ఆగి ఆగి చేసినా వంకర పోని ఛాసిస్: ఇంట్లో బగ్గీ ఫ్రేమ్ కట్టుకునే పద్ధతి

ఈ బగ్గీ (పైన బాడీ లేకుండా పైపులతో కట్టే చిన్న బండి) ఫ్రేమ్‌కి మొదటి పైపు కోసింది 2024 వేసవిలో, విజయవాడ సింగ్‌నగర్‌లో మేముండే అద్దె ఇంటి వెనక రేకుల షెడ్డులో. ఆ తర్వాత బుడమేరు వరద వచ్చింది, ఇల్లు మారాం, పాప పుట్టింది, నా డ్యూటీ నైట్ షిఫ్టుకి మారింది. అయినా ఫ్రేమ్ వంకర లేకుండా పూర్తయింది. వారానికి రెండు గంటలే దొరికినా ఛాసిస్, అంటే బండిని మోసే ఈ ఫ్రేమ్, కట్టొచ్చు, కాకపోతే పని ఎక్కడ ఆపాలో ముందే రాసి పెట్టుకోవాలి. వెల్డింగ్ నేర్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఆపడం ఎలాగో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఇంట్లో కట్టిన బండి రోడ్డెక్కుతుందని ఆశ పెట్టుకోవద్దు. కొత్త డిజైన్‌ని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి, అది కంపెనీలు భరించే ఖర్చు. పాత కారు ఆర్సీ మీద నడుపుదామంటే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. సొంత పొలం, తోట వరకే అనుకుని మొదలుపెట్టండి. నాది నూజివీడు దగ్గర మా మామగారి మామిడితోటలో కాయల ట్రేలు మోయడానికి.

ఇంజన్‌కి మారుతి 800 తీసుకున్నాను. 796 సీసీ, మూడు సిలిండర్లు, తేలిక. 2014లో తయారీ ఆగిపోయినా సామాను ఇంకా ఆటోనగర్‌లో దొరుకుతుంది. ఇంజన్ ఒకచోట, చక్రాలు బిగించే హబ్బులు ఒకచోట కొనకుండా మొత్తం బండి ఒకటే కొనండి, ఆర్సీ రద్దు చేయించిన కాగితం తప్పకుండా తీసుకోండి. ముందు చక్రాల సెట్టు మొత్తాన్ని, ఇంజన్ గేర్‌బాక్స్‌తో సహా, వెనక్కి జరుపుతాం. ముఖం మాత్రం ఎటు ఉందో అటే ఉండాలి, తిప్పి పెడితే ఫార్వర్డ్ గేర్లన్నీ రివర్స్ అయిపోతాయి.

పైపు విషయంలో తొందరపడొద్దు. కింద మెయిన్ ఫ్రేమ్‌కి 40×40 చదరపు పైపు, లోపలి అడ్డాలకి 25×25, రెండూ 2 మి.మీ. మందం. షాపులో తూకం వేయించండి: 40×40 పైపు 6 మీటర్ల లెంగ్త్ సుమారు 14 కిలోలు తూగాలి, బాగా తక్కువ తూగితే మందం తగ్గించేసినట్టే, మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూడండి. జీఐ (జింక్ పూత) పైపు చవగ్గా దొరికినా వద్దు, ఆ జింక్ పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం ఖాయం. తల మీదుగా వచ్చే రోల్ హూప్‌కి (బండి బోల్తాపడితే తలని కాపాడే కమ్మీకి) సీమ్‌లెస్, అంటే అతుకు లేని పైపే వాడండి. ఇంజినీరింగ్ విద్యార్థుల బాజా పోటీల్లో చిన్న బగ్గీకే సుమారు 25 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న పైపు అడుగుతారు. కారు ఇంజన్ పెడితే బరువు ఇంకా ఎక్కువ కాబట్టి నేను 38 మి.మీ. వ్యాసంలో 3 మి.మీ. మందం తీసుకున్నాను.

గచ్చు ఎంత సాపుగా కనిపించినా నమ్మకండి. ఇటుకల మీద రెండు సీ చానళ్లు (సీ ఆకారపు ఇనుప దూలాలు) పెట్టి, తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నాలుగు మూలలూ ఒకే ఎత్తుకి తెచ్చి, దాని మీద కట్టాలి. మూలకి మూల కొలత రెండు వైపులా తీసుకోండి, తేడా 2 మి.మీ. దాటితే అక్కడే ఆగి సరిచేయాలి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) పాత బండిదే, 2,175 మి.మీ., ఉంచేశాను.

ఇప్పుడు అసలు సంగతి. వెల్డు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పైపుని తన వైపు లాగుతుంది. ఒక పక్క ఫుల్లుగా వెల్డు చేసి, ఫోనొచ్చి లేచి వెళ్లిపోయి, నెల తర్వాత వచ్చి రెండో పక్క మొదలుపెడితే ఫ్రేమ్ అప్పటికే వంకర పోయి ఉంటుంది. అందుకని ముందు ఫ్రేమ్ మొత్తం ట్యాకులతోనే (చిన్న చుక్క వెల్డులతోనే) నిలబెట్టండి, లోపల తాత్కాలికంగా ఐమూలగా పైపులు వేయండి. ఆ స్థితిలో అది నెలలు ఆగుతుంది. ఫుల్ వెల్డింగ్ మొదలుపెట్టాక ఒక జాయింటు, వెంటనే దానికి ఎదురు మూల జాయింటు, ఆ జత పూర్తయితేనే లేవాలి. ఆటోనగర్‌లో నాకు వెల్డింగ్ నేర్పిన పెద్దాయన రోజూ ఒకటే మాట అనేవారు, "బాబూ, తొందరున్న రోజు ట్యాకు వేసి వదిలెయ్, ఫుల్లు కట్టొద్దు". సరే బాబాయ్ అన్నాను కానీ రెండు పైపులు కోసి మళ్లీ వేశాకే అర్థమైంది.

ఇరవై నిమిషాలే ఖాళీ ఉందా, మిషన్ ఆన్ చేయకండి, అట్టముక్కతో ప్లేట్ల కొలతలు కత్తిరించుకోండి. పాప నిద్రపోయాక గ్రైండర్ కుదరదు కాబట్టి నా రాత్రి పనంతా అట్ట, పెన్సిలే. ఏ జాయింటు ఏ స్థితిలో ఉందో పైపు మీదే పెయింట్ మార్కర్‌తో గుర్తు పెట్టండి, ట్యాకుకి ఒక గీత, ఫుల్లుకి రెండు. నలభై రోజుల తర్వాత వస్తే, గ్రైండ్ చేసిన ట్యాకుకీ పూర్తి వెల్డుకీ తేడా కంటికి తెలియదు.

వరదొచ్చినప్పుడు ఫ్రేమ్ ట్యాకుల మీదే ఉంది. నీళ్లు దిగాక చూస్తే మూతల్లేని పైపుల నిండా ఒండ్రు. కడిగి, సుత్తితో తట్టి చూసి, ఆరు పైపులు మార్చాల్సి వచ్చింది. చివర్లు రోజూ మూసి పెట్టండి. అలాగని చుట్టూ వెల్డు చేసేస్తే లోపలి గాలి వేడెక్కి ఆఖరి వెల్డుని తన్నేస్తుంది, అందుకే ప్రతి మూసిన పైపుకీ కింది వైపు మధ్యలో 3 మి.మీ. రంధ్రం ఉంచాలి. లోపల తడి ఉన్న పైపుని అసలు వెల్డు చేయకూడదు, ఆవిరి పట్టి పగులుతుంది.

పటమటకి మారేటప్పుడు ఎనిమిది ట్యాకులు కోసి, ఫ్రేమ్‌ని రెండు భాగాలు చేసి ట్రాలీ ఆటోలో తెచ్చాను. ఆ రోజే నిర్ణయించుకున్నాను, వెనక ఇంజన్ భాగం బోల్టులతోనే ఉండాలని. 8 మి.మీ. ప్లేట్లు, 12 మి.మీ. 8.8 గ్రేడ్ బోల్టులు. బోల్టు పైపులోంచి పోయే చోట లోపల బుష్ (చిన్న గొట్టం ముక్క) వెల్డు చేయాలి, లేకపోతే బిగించేకొద్దీ పైపు నొక్కుకుపోతుంది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు మొదటి రోజే ఇలా గీసుకోండి.

ఇంట్లో 2.5 మి.మీ. 6013 రకం వెల్డింగ్ రాడ్డుతో 75 ఆంప్స్ దగ్గర ట్యాకులు, అడ్డాలు నేనే వేశాను. సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టు పట్టుకునే చోట్లు మాత్రం సీఓటూ (గ్యాస్ రక్షణతో తీగ కరిగించే) వెల్డింగ్ షాపులో చేయించాను, మీరూ అలాగే చేయించండి, అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. వెనక్కి వచ్చిన చక్రాలు తిరగకుండా స్టీరింగ్ రాడ్లని ఫ్రేమ్‌కి బిగించేటప్పుడు, లోపలి చివర పాత స్టీరింగ్ ర్యాక్ (చక్రాలని తిప్పే అడ్డ కడ్డీ) చివర ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే ఉండాలి. స్ప్రింగు తీసి చక్రాన్ని 50 మి.మీ. పైకి, కిందకి ఆడించి, టైరు ముందు వెనక కొలతలు చూడండి. వాటి మధ్య తేడా మారుతుంటే గతుకుల్లో బండి దానంతట అదే తిరుగుతుంది.

పెయింట్‌కి ముందు మెలి పరీక్ష చేయండి. మూడు మూలల కింద దిమ్మలు పెట్టి, నాలుగో మూలకి ఐమూలగా ఉన్న మూల పైకి లేవకుండా కట్టేసి, నాలుగో మూలకి 50 కిలోల సిమెంట్ బస్తా వేలాడదీసి ఎంత దిగిందో కొలవండి. నాది మొదటిసారి 11 మి.మీ. దిగింది. చదరాలన్నీ త్రికోణాలయ్యాయా అని వెతికితే ఇంజన్ గది పైన ఒక ఐమూల పైపు లేదు. అది వేశాక 4 మి.మీ. రెండు కోట్లు రెడ్ ఆక్సైడ్ వేసి, మెట్ల కింద నాలుగు దిమ్మల మీద నేలకి అడుగు ఎత్తున పెట్టాను. పాప పుట్టినరోజు అయ్యాక ఇంజన్ దింపుతాను.