ఇంటర్వ్యూకు మగవారు హుందాగా తయారవడం ఎలా?

బ్యాంకులు, బీమా కంపెనీలు, ఆడిటర్ల కార్యాలయాలు, పెద్ద పరిశ్రమలు ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు "ఫార్మల్స్‌లో రండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాయి. ఆ ముక్కకు అర్థం విడమరిచి చెప్పేవారు లేని ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో చదువుకుని విశాఖపట్నమో హైదరాబాదో రైలెక్కే అబ్బాయిల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. మీరు గది నుంచి బయటికి వచ్చాక, ఏ రంగు చొక్కా వేసుకొచ్చారని లోపలివారిని అడిగితే వారికి వెంటనే గుర్తుకు రాకూడదు. అప్పుడే మీరు సరిగ్గా తయారైనట్టు.

1. కోటు అవసరమో కాదో ముందు తేల్చుకోండి

సముద్రం దగ్గరగా ఉండి ఉక్కపోసే మన ప్రాంతంలో ఎక్కువ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తెల్లని పొడుగు చేతుల చొక్కా, ముదురు రంగు ప్యాంటు, నల్ల బెల్టు, నల్ల తోలు బూట్లు సరిపోతాయి. మేనేజ్‌మెంట్ స్థాయి ఉద్యోగాలకు, కార్పొరేట్ న్యాయ సంస్థలకు, విదేశీ ఖాతాదారులతో వ్యవహరించే పనులకు కోటు, టై ఉండాలి. సందేహం ఉంటే పిలిచినవారికి ఫోను చేసి అడగడంలో తప్పేమీ లేదు. అడిగే వీలు లేకపోతే కోటు వెంట తీసుకువెళ్లండి. వేసుకున్న కోటును విప్పి చేతిమీద వేసుకోవచ్చు గాని, ఇంట్లో వదిలి వచ్చిన కోటును అక్కడ తెప్పించుకోలేరు.

2. రంగు ఎంచుకోండి

కోటు, ప్యాంటు ఒకే బట్టతో కుట్టినవై ఉండాలి. ముదురు నీలం మొదటి ఎంపిక, ముదురు బూడిద రంగు రెండోది. నలుపు మన దగ్గర కోర్టు కోటును తలపిస్తుంది, పాశ్చాత్యుల అలవాటులో సాయంత్రపు విందులకు చెందుతుంది. కాబట్టి ఉన్న నల్ల సూటుతో పని జరుపుకోవచ్చు గాని, కొత్తగా కొనేటప్పుడు నీలమే కొనండి.

చాలామందికి బీరువాలో ఉండే ఒకే ఒక సూటు పెళ్లి రిసెప్షన్‌కు కుట్టించుకున్నది. మెరిసే బట్ట, కాలరుకు శాటిన్ అంచు, జేబుమీద ఎంబ్రాయిడరీ ఉన్న ఆ సూటు పందిట్లో ఎంత అందంగా ఉన్నా ఇంటర్వ్యూకు పనికిరాదు. వేలకు వేలు పోసి కుట్టించాం కదా అని పెద్దలు బలవంతపెట్టినా, ఈ ఒక్క విషయంలో వారికి నచ్చజెప్పండి.

3. కుట్టుమీద ఖర్చు పెట్టండి

ఖరీదైన బట్టను వదులుగా కుట్టించుకోవడం కంటే మధ్యరకం టెర్రీవూల్ (ఉన్ని, పాలిస్టర్ కలిపి నేసిన) బట్టను ఒంటికి అమరేలా కుట్టించుకోవడం ఎంతో మేలు. 58 అంగుళాల పన్నా ఉన్న బట్టయితే మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్నవారికి కోటు, ప్యాంటు కలిపి 3 నుంచి 3.25 మీటర్లు పడుతుంది. పూర్తి పాలిస్టర్ బట్ట చెమటను పట్టి ఉంచుతుంది కనుక వద్దు. వీపు పైభాగానికి మాత్రమే లైనింగ్ వేయమని టైలరుకు చెబితే గాలి కొంత ఆడుతుంది. సంక్రాంతికి ముందు, పెళ్లి ముహూర్తాలు ఉన్న నెలల్లో టైలర్లకు ఊపిరి సలపదు కాబట్టి కనీసం మూడు వారాల ముందే బట్ట ఇవ్వండి, ట్రయల్ లేకుండా మాత్రం తీసుకోకండి.

ట్రయల్‌లో ముందుగా భుజం చూడండి. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి. అది కిందికి జారితే కోటు అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది, దాన్ని సరిచేయడం దాదాపు కొత్తగా కుట్టినంత పని. నడుము, చేతుల పొడవు, ప్యాంటు పొడవు తర్వాత సులువుగానే సరిచేయవచ్చు. అందుకే రెడీమేడ్ కోటు కొనేవారు కూడా భుజం సరిపోయినదాన్నే తీసుకుని మిగతావి ఆల్టరేషన్ చేయించుకోవాలి. బొత్తాం పెట్టినప్పుడు పొట్ట దగ్గర బట్ట లాగినట్టు ముడతలు పడకూడదు, మెడ వెనుక కోటు కాలరుకూ చొక్కా కాలరుకూ మధ్య సందు ఉండకూడదు. చేతులు కిందికి వదిలి నిలబడితే చొక్కా కఫ్ (చేతి అంచు పట్టీ) అర అంగుళం బయటికి కనిపించాలి. ప్యాంటు అంచు బూటుమీద ఆని ఒక చిన్న మడత పడితే చాలు. చీలమండకు అతుక్కునే ప్యాంట్లు ఈ సందర్భానికి నప్పవు.

కొత్త కోటు వెనుక చీలికను, ఆకారం చెడకుండా, తెల్ల దారంతో అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టి ఉంచుతారు. మా అన్నయ్యగారి అబ్బాయి మొదటి ఇంటర్వ్యూకు బయలుదేరుతుంటే వెనుక నుంచి చూశాను, ఆ దారం అలాగే ఉంది. "అది కోటుతో పాటే వచ్చింది కదా బాబాయ్, తీసెయ్యొచ్చా?" అని అడిగాడు. తీసెయ్యాలి. చేతి అంచుమీద కంపెనీ పేరుతో కుట్టిన గుడ్డముక్కనూ తీసెయ్యాలి. చిన్న కత్తెరతో కుట్టు మాత్రమే తెంపి, పోగులను మెల్లగా లాగండి.

కోటుకు రెండు బొత్తాలుంటే నిలబడినప్పుడు పైది పెట్టుకోవాలి, కింది దాన్ని ఎప్పుడూ వదిలేయాలి, కూర్చునేటప్పుడు పైదాన్నీ విప్పుకోవాలి.

4. చొక్కా, టై

తెలుపు లేదా లేత నీలం చొక్కా మంచిది. పై బొత్తాం పెట్టుకున్నాక కాలరులో రెండు వేళ్లు దూరాలి. కోటు కింద పొట్టి చేతుల చొక్కా వేసుకోకూడదు. పొందూరు ఖాదీ వేసుకోవచ్చా అని మన జిల్లాల వారు అడుగుతుంటారు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో సన్నని నూలు వడికి నేసే ఆ బట్టకున్న మర్యాద గురించి నాకు రెండో మాట లేదు. తెల్ల ఖాదీ చొక్కాను పలుచని గంజి పెట్టి ఇస్త్రీ చేయించి నిస్సంకోచంగా వేసుకోండి. అయితే తొందరగా నలుగుతుంది కాబట్టి అక్కడికి చేరాకే తొడుక్కోండి.

టై ముదురు నీలం లేదా మెరూన్ రంగులో, సాదాగా గాని సన్నని చుక్కలతో గాని, సుమారు మూడు అంగుళాల వెడల్పుతో ఉండాలి. మెడలో వేసుకుని వెడల్పు కొనను కుడివైపు ఒక అడుగు కిందికి వదలండి. దాన్ని సన్న కొన మీదుగా ఎడమకు, వెనుక నుంచి కుడికి, మళ్లీ ముందు నుంచి ఎడమకు తిప్పండి. తర్వాత మెడ దగ్గర కింది నుంచి పైకి తీసి, ముందు ఏర్పడిన ఉచ్చులోంచి దింపి బిగించండి. కొన బెల్టు బకిల్‌ను తాకాలి. పైనే ఆగినా, కిందికి దిగినా విప్పి మళ్లీ కట్టండి.

5. బూట్లు ముందే తొడిగి నడవండి

లేసులున్న నల్ల తోలు బూట్లు, అదే నలుపు బెల్టు వేసుకోండి. సాక్సులు ప్యాంటు రంగుకు దగ్గరగా, కూర్చున్నప్పుడు కాలు కనిపించనంత పొడవుగా ఉండాలి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఏళ్ల తరబడి అట్టపెట్టెలో భద్రంగా దాచిన బూట్లు వేసుకుని ఒక సమావేశానికి వెళితే, మెట్లు ఎక్కుతుండగా అడుగుభాగం పొడిపొడిగా రాలిపోయింది. పాలీయూరిథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్‌తో చేసిన అడుగులు గాలిలోని తేమకు లోలోపలే పాడవుతాయి, పైకి కొత్తవాటిలాగే కనిపిస్తాయి. కాబట్టి వారం ముందే తొడుక్కుని ఒక గంట నడిచి చూడండి.

6. ప్రయాణం

విజయనగరం నుంచి విశాఖకు రైల్లో సుమారు అరవై కిలోమీటర్లు. శ్రీకాకుళం వారికి స్టేషను ఆమదాలవలసలో ఉంది కనుక బస్సో ఆటోనో కూడా తోడవుతుంది. మామూలు బట్టల్లో ప్రయాణించి, దిగాక వెయిటింగ్ హాల్లో మార్చుకోండి. కోటు ఒక భుజాన్ని లోపలికి తిరగేసి రెండోదాన్ని అందులో దూర్చి మడిస్తే లైనింగ్ బయటికి వచ్చి బట్ట నలగదు. ఇస్త్రీ బండికి ఇచ్చేటప్పుడు తడిగుడ్డ పరిచి చేయమని చెప్పండి, లేకపోతే ముదురు బట్టమీద నిగనిగలాడే మరక పడుతుంది. చెమటకు ఒక రుమాలు, బూట్లు తుడవడానికి ఇంకొకటి వేర్వేరుగా ఉంచుకోండి.

గోళ్లు కత్తిరించుకోండి, గడ్డం, మీసం సరిచేసుకోండి. గుడిలో కట్టించుకున్న దారం తెంచనక్కర్లేదు, కఫ్ కిందికి జరిపితే చాలు. నుదుట చిన్న బొట్టు ఉన్నా ఇబ్బంది లేదు. సెంటు మాత్రం వద్దు.

ఇంటికి తిరిగి వచ్చాక కోటును వెంటనే బీరువాలో పెట్టకుండా, వెడల్పు భుజాల హ్యాంగరుకు తగిలించి రాత్రంతా గాలికి ఉంచండి. తర్వాత ప్లాస్టిక్ కవరుకు బదులు పాత నూలు పంచె చుట్టి దాచండి.