వెలిగే నాక్‌తో వేటకు వెళ్లే ముందు

నాక్ అంటే బాణం తోకన ఉండి నారిని పట్టుకునే చిన్న గాడి ముక్క; వెలిగేదాంట్లో బ్యాటరీతో నడిచే లైటుంటుంది. ముందు తూకం చూడండి. మామూలు నాక్ సుమారు 10 గ్రెయిన్లుంటే (గ్రెయిన్ అంటే బాణాల తూకపు కొలత, దాదాపు 0.065 గ్రాము), వెలిగేది చాలావరకు 20 నుంచి 25 తూగుతుంది. ఆ అదనపు బరువు తోకన పడి బాణం ముందు మొగ్గు తగ్గుతుంది, దూరం పెరిగేకొద్దీ దెబ్బ కిందికి దిగుతుంది. అందుకే సాధన కూడా అదే నాక్‌తో, అదే బ్రాడ్‌హెడ్‌తోనే (వేటకు వాడే పదునైన బాణం మొన) చేయాలి. సాధనకొకటి, వేటకొకటి పద్ధతి నాకసలు నచ్చదు. గురి తప్పితే నరకం చూసేది జంతువు.

□ నాక్ షాఫ్ట్‌లో (బాణం కాడలో) నిటారుగా, బిగుతుగా కూర్చుందా?
□ నారిని పట్టే బిగువు అన్ని బాణాలకూ ఒకటేనా?
□ పగుళ్లున్నాయా? ఉంటే పారేయండి, వదిలేటప్పుడు విరిగితే విల్లే దెబ్బతినొచ్చు.
□ బ్యాటరీతో లైటు వెలుగుతోందా?
□ అక్కడి వేట నిబంధనలు ఒప్పుకుంటాయా? కొన్నిచోట్ల బాణానికి ఎలక్ట్రానిక్ పరికరం నిషేధం.