కెర్నల్ మెమరీ ప్యాచ్‌కు ఓకే చెప్పే ముందు

లినక్స్ కెర్నల్లో మెమరీ ఇచ్చే అలొకేటర్ మీద ప్యాచ్ వస్తే, పది లైన్లే కదా అని చదివేసి ఓకే చెప్పకండి. ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్, డ్రైవర్లు అన్నీ దాని మీదే బతుకుతాయి. పొరపాటు ఇక్కడ జరిగితే క్రాష్ ఇంకెక్కడో, ఒక్కోసారి గంటల తర్వాత బయటపడుతుంది. పైగా 2024లో వచ్చిన కెర్నల్ 6.8తో పాత స్లాబ్ (SLAB) అలొకేటర్‌ను తీసేశారు, అంతకుముందే 6.4లో స్లోబ్ (SLOB) పోయింది. ఇప్పుడున్నది స్లబ్ (SLUB) ఒక్కటే. అనుమానం వస్తే ఇంకో అలొకేటర్‌తో బూట్ చేసి పోల్చుకునే వీలు లేదు.

మొదట చూడాల్సింది, ఈ కోడ్‌ను ఎవరు, ఏ పరిస్థితిలో పిలుస్తున్నారన్నది. మెమరీ ఎలా ఇవ్వాలో చెప్పే గుర్తులే జీఎఫ్‌పీ ఫ్లాగ్‌లు. జీఎఫ్‌పీ కెర్నల్ (GFP_KERNEL) ఫ్లాగ్‌తో అడిగితే, ఖాళీ మెమరీ దొరికేదాకా ఆ పని నిద్రపోవచ్చు. స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకుని ఉన్నప్పుడో, ఇంటరప్ట్‌లోనో (హార్డ్‌వేర్ పిలుపుకు జవాబిచ్చే కోడ్‌లో) అలా అడగకూడదు. అక్కడ నిద్రపోనివ్వని జీఎఫ్‌పీ అటామిక్ (GFP_ATOMIC) కావాలి. ఇంతకన్నా దొంగదెబ్బ ఇంకోటుంది. మెమరీ తక్కువైతే కెర్నల్ పాత పేజీలను ఖాళీ చేయబోతుంది, దానికోసం ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్తుంది. మెమరీ అడిగింది లాక్ పట్టుకున్న ఆ ఫైల్ సిస్టమే అయితే? తన లాక్ కోసం తానే ఎదురుచూస్తూ మెషీన్ బిగుసుకుపోతుంది. అలాంటి చోట ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్లనివ్వని నోఎఫ్ఎస్ (GFP_NOFS) ఫ్లాగ్ వాడారో లేదో చూడండి. మామూలు టెస్టుల్లో మెమరీ పుష్కలంగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు ఎన్నాళ్లైనా దొరకదు.

తర్వాత, మెమరీ దొరకని దారి. ఉన్న బ్లాక్ సైజు మార్చే కేరీఅలాక్ (krealloc) విఫలమై నల్ (ఖాళీ పాయింటర్) వస్తే పాత బ్లాక్ ఇంకా మనదే. ఫలితాన్ని అదే పాయింటర్‌లో పెట్టేశారంటే పాత చిరునామా పోయి, ఆ మెమరీ ఎప్పటికీ వదలలేక లీక్ అయినట్టే. ఎన్ని కావాలన్న సంఖ్యను ఒక్కోదాని సైజుతో గుణించి, మెమరీ అడిగే కేమాలాక్‌ (kmalloc)కు ఇస్తుంటే, కేమాలాక్ అర్రే (kmalloc_array) వాడమని అడగండి. గుణకారం పొంగిపొర్లితే అది ఆపేస్తుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు ఒకసారి బూట్ చేసి చూస్తే ఇక్కడ సరిపోదు. మెమరీని తప్పుగా తాకడాన్ని పట్టే కేసాన్‌ (KASAN)తో, లాకుల తప్పులు పట్టే లాక్‌డెప్‌ (lockdep)తో నడపండి. ఫెయిల్‌స్లాబ్ (failslab) అనే సాధనంతో మెమరీ కేటాయింపులను కావాలని విఫలం చేయించండి. కానీ స్లబ్ డీబగ్ (అలొకేటర్ అదనపు తనిఖీలు) ఆన్ చేస్తే వేగవంతమైన దారి పక్కకుపోయి నెమ్మది దారే నడుస్తుంది, రేస్ (ఒకేసారి నడిచే పనుల మధ్య క్రమం తప్పడం వల్ల వచ్చే బగ్) ఉంటే దాక్కుంటుంది. అందుకే డీబగ్ లేకుండా కూడా గట్టి లోడ్ పెట్టాలి. ఇది చాలామంది మర్చిపోతారు, నాకు బాగా బాధ కలిగించే విషయం ఇదే.

ప్యాచ్ రాసినవాళ్లు వేగం పెరిగిందని రాస్తే, ఒకటి కన్నా ఎక్కువ న్యూమా (NUMA) నోడ్లున్న, అంటే ప్రాసెసర్లకు దగ్గరి మెమరీ, దూరపు మెమరీ వేరువేరుగా ఉన్న మెషీన్ మీది లెక్కలు అడగండి. చదివి అర్థం కాని భాగం ఉంటే, అదేదో జవాబులో పేరుపెట్టి రాయండి. అది తేలేదాకా రివ్యూడ్ బై (Reviewed-by, నేను చూసి ఒప్పుకున్నానని చెప్పే గుర్తు) ఇవ్వొద్దు.