హోమ్ థియేటర్ ప్రాసెసర్ కొనేముందు నేను వేసుకున్న లెక్క

పోయిన జూన్‌లో ఖమ్మంలో మా ఇంటి దగ్గర పిడుగు పడింది. హోమ్ థియేటర్ రిసీవర్ (సౌండును విప్పి, స్పీకర్లను కూడా మోగించే పెట్టె) ప్లగ్గు ముందే పీకేశాను గానీ, సెట్ టాప్ బాక్సుకున్న డిష్ వైరు మర్చిపోయాను. పిడుగు దాని వెంట వచ్చి బాక్సును కాల్చి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ పట్టుకుని రిసీవర్ బోర్డు దాకా పాకింది. సర్వీసు వాళ్లు బోర్డుకు 38 వేలు అన్నారు. ఐదేళ్ల నాటి పెట్టెకు అంత పెట్టడమెందుకు, ఈ దెబ్బతో ఏవీ (ఆడియో వీడియో) ప్రాసెసర్‌కే వెళ్లిపోదాం అనుకున్నాను.

మీకూ ఆ ఆలోచన ఉంటే ముందు కాగితం తీయండి. ప్రాసెసర్‌లో యాంప్లిఫయర్ ఉండదు. సౌండును విప్పి, ఛానెళ్లుగా విడదీసి, గదికి తగ్గట్టు సరిచేసి బయటికి పంపడం వరకే దాని పని. స్పీకర్‌ను మోగించేది వేరే పవర్ యాంప్. కౌపీనం కోసం పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథే ఇక్కడా. నా సెట్ 5.1.2: చుట్టూ ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్ వూఫర్, పైన రెండు స్పీకర్లు. అంటే సబ్ వూఫర్ కాక ఏడు. షాపులో నాకు చెప్పిన ధరలివి: ప్రాసెసర్ 2 లక్షల 60 వేలు, ఏడు ఛానెళ్ల యాంప్ లక్షా 70 వేలు, రెండింటినీ కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు 20 వేలు, గదికి తగ్గట్టు సౌండు సరిచేసే డిరాక్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు 25 వేలు, ర్యాక్, విడిగా ఒక కరెంటు లైను కలిపి ఇంకో 25 వేలు. మొత్తం 5 లక్షలు. ప్రాసెసర్ ధర అందులో సగం పైచిలుకు మాత్రమే.

డాలస్‌లో ఉన్న మా బావమరిది, "బావా, ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో సగానికే వస్తుంది, వచ్చేటప్పుడు తెస్తా" అన్నాడు. వెనక ప్లేటు ఫొటో తీసి పంపమన్నాను. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన 230 వోల్టులకు నేరుగా పెడితే ఢామ్మంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, ఇక్కడ వారంటీ ఉండదు. మీకూ ఎవరైనా అలా తెస్తామంటే ముందు ఆ ప్లేటు ఫొటో అడగండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీకు ఏం తక్కువైంది?

వాల్యూమా? వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. నా స్పీకర్ల సెన్సిటివిటీ 88. అంటే ఒక వాట్‌కు మీటరు దూరంలో 88 డెసిబెల్స్. వంద వాట్లిస్తే 108. సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంది కాబట్టి అందులో ఒక తొమ్మిది, పది పోతాయి. 98 మిగిలినా మా 14x11 అడుగుల గదికి ఎక్కువే. మీ గది పెద్దదై, స్పీకర్లు 4 ఓమ్‌లవైతే రిసీవర్ వెనక "ప్రీ అవుట్" (బయటి యాంప్‌కు సౌండు పంపే సాకెట్) ఉందేమో చూడండి. ఉంటే ముందు స్పీకర్లకు మాత్రం ఒక యాంప్ తగిలిస్తే సరిపోవచ్చు.

గేమింగ్ కోసం 4కే 120 (సెకనుకు 120 ఫ్రేముల 4కే బొమ్మ) కావాలా? టీవీలో ఆ సదుపాయం ఉంటే కన్సోల్‌ను నేరుగా టీవీకి పెట్టి, సౌండును ఈఆర్క్ (టీవీ సౌండును హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే వెనక్కి పంపే దారి) మీద రిసీవర్‌కు రప్పించండి. దాని కోసం పెట్టె మార్చక్కర్లేదు.

డాల్బీ అట్మాస్ (తల పైనుంచి కూడా వినిపించే సౌండు) అంటారా, మంచి రిసీవర్ విప్పే అట్మాస్, ప్రాసెసర్ విప్పే అట్మాస్ వేర్వేరు కావు. పైగా ఓటీటీలో వచ్చేది కుదించిన డాల్బీ డిజిటల్ ప్లస్. 9.1.6 దాకా వెళ్లేవాళ్లకు, ఇంట్లో ఇప్పటికే మంచి యాంపులున్నవాళ్లకు ప్రాసెసర్ న్యాయం. నాలాంటి వాళ్లకు కాదు.

నాకు తక్కువైంది బేస్. ఒక సీట్లో గుండె అదిరేది, పక్క సీట్లో ఏమీ లేదు. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. సబ్ వూఫర్‌ను ఎత్తి సోఫా మీద, మీరు కూర్చునే చోటే పెట్టండి. బేస్ ఉన్న పాట ఒకటి మోగిస్తూ, గోడల వెంట చెవి కిందికి ఆనించినట్టు పాకండి. బేస్ ఎక్కడ బొయ్యిమనకుండా గట్టిగా, విడివిడిగా వినిపిస్తే సబ్ వూఫర్ చోటు అదే. నేనలా పాకుతుంటే మా నాన్న గుమ్మంలో నిలబడి "ఏం పారేసుకున్నావురా?" అన్నారు. మూలన ఉన్నదాన్ని గోడ మధ్యకు జరిపాను, రెండు సీట్లూ దారికొచ్చాయి. తర్వాత కొలత మైకును ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో పెట్టి, గదిని కొలిచి సౌండు సరిచేసే రిసీవర్‌లోని ఆడిసీ ప్రోగ్రాంను మళ్లీ నడిపాను. మైకును సోఫా వీపుకు ఆనిస్తే కొలతలు తప్పుతాయి.

చివరికి బోర్డు మార్పించాను. నాపరాళ్ల నేల మీదికి మందపాటి కార్పెట్టు, కిటికీకి బరువైన కర్టెన్లు వేయించాను. అన్నీ కలిపి 55 వేలయ్యాయి. మాటలు స్పష్టంగా వినిపించడానికి ఆ కార్పెట్టు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఇప్పుడు మబ్బు పట్టిందంటే చాలు, మా నాన్న ముందు డిష్ వైరు పీకి, ఆ తర్వాతే దండెం మీది బట్టలు తీస్తున్నారు.