కరవు ఏట పక్షులను చూడటానికి పులికాట్ సరస్సుకు బృందంగా వెళ్లేవారికి

వరంగల్ నుంచి పది మందిగా బయలుదేరే ముందు, ఈశాన్య రుతుపవనాల వాన సూళ్లూరుపేట వైపు ఎంత పడిందో అక్కడివారిని అడిగి తెలుసుకోవాలి. సూళ్లూరుపేట దగ్గరి పక్షుల కేంద్రం నేలపట్టులో చెరువు నిండని ఏడాది, నీళ్లలో నిలిచే కడప అనే చెట్లపై గూడబాతులు (పెలికన్లు) గూళ్లు కట్టడం అనుమానమే.

పులికాట్ సరస్సు చాలావరకు ఎండినా ప్రయాణం మానుకోనక్కరలేదు. శ్రీహరికోట రోడ్డుకు ఇరుపక్కలా నెర్రెలిచ్చిన ఒండ్రు నడుమ మడుగులు మిగిలితే, రాజహంసలు (ఫ్లెమింగోలు) అక్కడే గుమిగూడి, వంకర ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని వడగట్టుకుంటూ మేస్తాయి. రోడ్డు మీదే నిలబడి దుర్భిణితో చూడాలి. ఫొటో కోసం దగ్గరికి పోయి వాటిని లేపితే, కరవులో మరో మడుగు వెతుక్కోవడం వాటికి కష్టం. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు కింద బురద ఉండవచ్చు కనుక ఎవరినీ దిగనివ్వకూడదు. పక్షుల కంట పడే ఎర్ర చొక్కాలు (ప్రతి బృందంలోనూ ఒకరు వేసుకొస్తారు) ఇంట్లోనే వదిలి, తాగునీళ్లు మాత్రం మోసుకుపోవాలి.