పాస్టరుగారిని క్షమించాక మైకు ఎప్పుడివ్వాలి?

గుంటూరులో మా సంఘం లెక్కల పుస్తకం పద్నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నాకు అప్పగించారు. అందులో ఒక పేజీ తెరిస్తే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. మందిరం శ్లాబు కోసం జనం కూలి డబ్బుల్లోంచి, డ్వాక్రా పొదుపుల్లోంచి తీసి ఇచ్చిన కానుకల్లో 3,40,000 రూపాయలు మా పాస్టరుగారు సొంతానికి వాడుకున్నారని తేలిన పేజీ అది.

ఆ ఆదివారం ఆయన అందరి ముందు మోకాళ్లూని ఏడ్చారు. మేమూ ఏడ్చాం, క్షమించాం. ఆ క్షమాపణ నిజమైనదే. కానీ ఆరు వారాలు తిరక్కుండానే ప్రసంగం, బ్యాంకు సంతకం రెండూ ఆయనకు తిరిగి ఇచ్చేశాం. ఆ ఏడాదే ఆయన మా సంఘంలో ఒక విధవరాలి చేత మెడలో గొలుసు తాకట్టు పెట్టించి 80,000 తీసుకున్నారు. "మీరందరూ ఆయన్ని మళ్లీ వేదికెక్కించారు కదా టీచరమ్మా, అంతా సర్దుకుందనుకున్నాను" అందామె. ఆ మాటతో నాకు అర్థమైంది. ఆయన్ని వేదిక మీద నిలబెట్టి మేమే ఆమెకు పూచీ ఇచ్చాం.

మీ సంఘానికి ఇలాంటి రోజు రాకూడదని ప్రార్థిస్తాను. వస్తే ఏం చేయాలో, మేం తప్పు చేసి నేర్చుకున్నది రాస్తున్నాను.

మొదటి వారంలో

ఫిర్యాదు తెచ్చినవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, తేదీ వేసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. పెద్దల మీద ఆరోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని బైబిల్లో 1 తిమోతి 5:19 చెప్తుంది. నిజమే. డబ్బు విషయంలో బ్యాంకు స్టేట్‌మెంటూ సాక్షే, ఫోన్‌లో మిగిలిన మెసేజీలూ సాక్షులే. కింది వచనం కూడా చదవండి, పాపం చేసినవాళ్లను అందరి ముందూ గద్దించమని ఉంది. మా వాళ్లు పందొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోయారు.

విచారణ అయ్యేదాకా ప్రసంగం, ఇళ్ల ప్రార్థనలు, చెక్కు మీద సంతకం ఆపండి. జీతం ఆపకండి, తప్పు ఇంకా తేలలేదు కాబట్టి. సంతకం మార్చడానికి బ్యాంకువాళ్లు కమిటీ తీర్మానం కాపీ అడుగుతారు, ఆ రోజే రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసిన మనిషినీ ఆయన్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి "రాజీ పడండి" అనకండి.

విషయం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలదైతే పైన చెప్పినదేదీ వర్తించదు. కమిటీ లేదు, ఉపవాస ప్రార్థన అయ్యాక చూద్దామనడం లేదు. పిల్లలపై లైంగిక నేరాల గురించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచడం కూడా నేరమే, దానికి జైలు శిక్ష ఉంది. 1098కి ఫోన్ చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ వాళ్లు పలుకుతారు.

ఇక్కడే ఎవరో ఒకరు లేచి "అభిషిక్తుణ్ని ముట్టకూడదు" అంటారు. మా దగ్గరా అన్నారు. ఆ మాట 105వ కీర్తనలోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరదేశులుగా తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు కాపాడిన సందర్భం అది. లెక్క అడగకూడదని అందులో లేదు. దావీదు రాజు కూడా అభిషిక్తుడే, ఆయన పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త ఆయన ఎదుటే నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు.

విచారణ ఎవరు చేయాలి? లూథరన్ సంఘాలకు ఇక్కడ గుంటూరులోనే కేంద్ర కార్యాలయం ఉంది, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు విజయవాడలో బిషప్ ఉన్నారు. మాలాంటి స్వతంత్ర సంఘాలకు పైన ఎవరూ లేరు. అందుకే ఆయనతో స్నేహం గానీ బంధుత్వం గానీ లేని ఇద్దరు పెద్దల్ని వేరే సంఘాల నుంచి పిలవండి, ఒకరు స్త్రీ అయి ఉండాలి. చెన్నైలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరయ్యస్ సంగతి చూడండి. 2017లో ఒక మహిళ ఫిర్యాదు చేస్తే ఆయన సంస్థ ఆయన మాటే నమ్మింది. 2020లో ఆయన చనిపోయాక బయటి లాయర్లు విచారించారు. పలువురు స్త్రీల పట్ల ఆయన లైంగికంగా తప్పుగా నడుచుకున్నారని 2021 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. అన్నాళ్లూ ఆ మహిళ అబద్ధాలకోరు అనే ముద్రతో బతకాల్సి వచ్చింది.

క్షమించేటప్పుడు

దెబ్బ తిన్న మనిషిని స్టేజి మీదకు పిలిచి, ఆయనతో చేతులు కలిపించి, అందరూ చప్పట్లు కొట్టడం మాత్రం చేయకండి. మేం చేశాం. ఆ విధవరాలు తర్వాత నెల రోజులు ఆరాధనకు రాలేదు. క్షమాపణ ఆమెకూ దేవుడికీ మధ్య పండాల్సింది, దానికి మనం తేదీ పెట్టలేం.

తప్పు చేసిన మనిషిని వదిలేయమని కాదు. అలాంటివాడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా ఆదరించమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. వారానికొకసారి ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్లాలి. ఒక్కరే వెళ్లకండి.

అన్నిటికంటే ముందు ఆయన భార్యను తలుచుకోండి. గొలుసు సంగతి బయటపడ్డాక కోపంతో మేం వారం రోజుల్లో క్వార్టర్ ఖాళీ చేయించాం. అమ్మగారు ఇద్దరు పిల్లల్నీ, గ్యాస్ స్టవ్వునీ ఆటోలో ఎక్కించుకుని పట్టాభిపురం వైపు వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె పైసా తీయలేదు. ఇరవై ఏళ్లు మా స్త్రీల సమాజాన్ని నడిపింది. మూడు నెలల గడువు, పిల్లల ఆ ఏడాది ఫీజు ఇవ్వడం మా చేతిలో పని. ఇవ్వలేదు. దీనికి నేను ఆమె దగ్గరకు వెళ్లి క్షమాపణ అడిగాను. మీరు ఆ తీర్మానం మొదటి రోజే రాయండి.

పదవి సంగతి

క్షమించిన మనిషికి పక్కన చోటిస్తాం, కలిసి భోంచేస్తాం, పెళ్లికి పిలుస్తాం. కాపరి పని అలా ఇచ్చేది కాదు. 1 తిమోతి 3లో దానికి అర్హతలు ఉన్నాయి. నిందారహితుడు, ధనాపేక్ష లేనివాడు, సంఘానికి బయటివాళ్ల చేత మంచి సాక్ష్యం పొందినవాడు. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. మీరు మాత్రం ఆయన ఇంటి ఓనరునీ, కిరాణా షాపతన్నీ అడగండి. మా సంఘస్థుల కంటే వాళ్లే నిక్కచ్చిగా చెప్పారు.

"పేతురును ప్రభువు మళ్లీ నిలబెట్టలేదా?" అంటారు. నిలబెట్టాడు. పేతురు భయపడి ప్రభువును ఎరగనన్నాడు, గొర్రెల్ని దోచుకోలేదు. దోచుకున్న జక్కయ్య మాత్రం ఎవరూ లెక్క తీయకముందే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

పశ్చాత్తాపం నిజమా కాదా అన్నది నేను కన్నీళ్లను బట్టి చూడను. "పొరపాటు జరిగింది" అంటున్నారా, "నేను తీశాను" అంటున్నారా? మనం కనిపెట్టని మొత్తం కూడా తానే చెప్పారా? మైకు ఎప్పుడని అడుగుతున్నారా? పక్క వీధిలో షామియానా వేసి కొత్త సంఘం పెడుతున్నారా? 1988లో అమెరికాలో జిమ్మీ స్వాగర్ట్ అనే పేరున్న ప్రసంగీకుడు పాపం చేశానని టీవీలో కన్నీళ్లతో ఒప్పుకున్నారు. ఆయన ఉన్న సంఘాల సంస్థ ఏడాది పాటు ప్రసంగించవద్దంటే ఒప్పుకోలేదు. సంస్థ ఆయన గుర్తింపు తీసేసింది, అయినా మూడు నెలలకే ఆయన వేదికెక్కారు. 1991లో మళ్లీ ఒక వేశ్యతో పట్టుబడ్డారు.

మా తీర్మానం ఇది. కనీసం రెండేళ్లు మామూలు విశ్వాసిగా ఉండాలి, వేరే ఉద్యోగం చేసుకోవాలి, బాకీ కట్టాలి. ముందు పేదల బాకీ, మందిరం బాకీ చివర. ఆ తర్వాత వేరొకరితో కలిసి ఆసుపత్రి ప్రార్థనలకు వెళ్లవచ్చు. ప్రసంగం గురించి అప్పుడు, బయటి పెద్దలతో కలిసి మళ్లీ ఆలోచిస్తాం. డబ్బు మాత్రం ఎన్నటికీ ఆయన చేతికి ఇవ్వం. పిల్లల జోలికి వెళ్లినవాళ్లకూ, ప్రార్థన కోసం వచ్చిన స్త్రీని వాడుకున్నవాళ్లకూ ఏ గడువూ లేదు, కాపరి పని ఇక లేదు. జైల్లో ఉంటే వెళ్లి చూస్తాం, ప్రార్థిస్తాం.

వేరే ఊరి సంఘం ఆయన గురించి ఉత్తరం అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. "వ్యక్తిగత కారణాల వల్ల వెళ్లారు" అని రాస్తే అక్కడి విధవరాలి గొలుసుకు కూడా మీరే పూచీ.

మా పాస్టరుగారు ఇప్పుడు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేస్తున్నారు. ముందు కారు అమ్మి గొలుసు విడిపించారు. ఆ తర్వాత 37 నెలలుగా, నెలకు 5,000 చొప్పున కడుతున్నారు. ఆదివారం మగవాళ్ల వైపు నాలుగో వరుసలో కూర్చుంటారు. రెండేళ్ల గడువు దాటింది, ఆయన మైకు సంగతి ఎత్తలేదు. పోయిన క్రిస్మస్‌కి ఒక్క మాట చెప్పించమని కొందరు యువకులు కమిటీని అడిగితే, ఆయనే వద్దని చెప్పి కుర్చీలు వేయడానికి వెళ్లారు. ఆ విధవరాలు ఇంకా ఆయనతో మాట్లాడదు. మాట్లాడమని మేమెవరం అడగం. ఇంకా 1,55,000 బాకీ ఉంది, ఈ నెల రసీదు నిన్ననే రాశాను.